హిగ్స్ కథను రేడియో దగ్గర మొదలుపెడదాం

ఏటా జూలై 4 దగ్గర పడుతుంటే మన పత్రికలకూ టీవీలకూ హిగ్స్ బోసాన్ గుర్తొస్తుంది. 2012లో ఆ రోజునే జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాల ఆ కణం దొరికిన సంగతి ప్రకటించింది. అప్పట్నుంచీ తెలుగులో ఈ కథ ఒకే మూసలో పోసినట్టు వస్తోంది. విశ్వమంతా ఒక క్షేత్రం నిండి ఉంటుందట, కణాలు అందులో ఈదుకుంటూ పోతుంటే అది పట్టి లాగుతుందట, ఆ లాగుడే ద్రవ్యరాశి అట, అది లేకపోతే మనకెవరికీ ద్రవ్యరాశే ఉండేది కాదట. పైగా దానికి దేవుడి పేరొకటి తగిలించారు. డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరైన మనిషిని. దేవుడి పేరు మీద నాకు పేచీ లేదు. మిగతా కథ మీదే నా పేచీ.

ప్రోటాన్ ద్రవ్యరాశి 938 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు. దాని లోపలి మూడు క్వార్కులకు హిగ్స్ క్షేత్రం వల్ల వచ్చేదంతా కలిపినా పది లోపే. మిగిలినదంతా ఆ క్వార్కులూ వాటిని కట్టిపడేసే గ్లూవాన్లూ లోపల పడే తిప్పల శక్తి. అరవై కిలోల మనిషిలో హిగ్స్ వాటా అరకిలో పైచిలుకు, అంతే. ఇక ఈత సంగతి. నీళ్లు ఈదేవాణ్ని నెమ్మదింపజేసి చివరికి ఆపేస్తాయి. ద్రవ్యరాశి ఎవర్నీ ఆపదు. ఒకే వేగంతో పోతున్న వస్తువు దాని మానాన అది పోతూనే ఉంటుందని తొమ్మిదో తరగతిలోనే చెప్పాం కదా! పిల్లలకు న్యూటన్ మొదటి సూత్రం నేర్పి, టీవీలో దాన్ని కొట్టేసే కథ చెబితే ఎలా?

ఇంతకంటే పెద్ద నష్టం మరొకటుంది. అసలు ప్రశ్న ఏమిటో చెప్పకుండా జవాబు చేతిలో పెడుతున్నాం.

ఆ ప్రశ్న నలుగురిలో గట్టిగా వినబడింది 1954 ఫిబ్రవరిలో, అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో. ముప్పై ఒకటేళ్ల చెన్ నింగ్ యాంగ్ తానూ రాబర్ట్ మిల్స్ కలిసి కట్టిన కొత్త సిద్ధాంతాన్ని బోర్డు మీద రాస్తున్నాడు. ముందు కూర్చున్నది వోల్ఫ్‌గాంగ్ పౌలీ, ఎదుటివాడి లెక్కలో లొసుగు కనబడితే ఊరుకునే రకం కాదు. యాంగ్ ఇంకా మొదట్లో ఉండగానే, ఈ క్షేత్రానికి ద్రవ్యరాశి ఎంత అని అడిగాడు. యాంగ్ తెలియదన్నాడు. కాసేపటికి మళ్లీ అదే ప్రశ్న. అది చాలా చిక్కు సమస్య, పని చేశాం గానీ ఏమీ తేలలేదని యాంగ్ అంటే, అది సాకుగా పనికిరాదని పౌలీ. యాంగ్ నోట మాట రాక కూర్చుండిపోయాడు. సభలో ఉన్న ఓపెన్‌హైమర్ కలగజేసుకుని అతన్ని చెప్పనివ్వండి అన్నాకగానీ ఉపన్యాసం సాగలేదు. పౌలీది వట్టి పెంకితనం కాదు. అంతకు ముందటి ఏడాది తానే ఇంచుమించు అదే సిద్ధాంతాన్ని కట్టుకుని, ఈ చిక్కు దగ్గరే వదిలేశాడు.

చిక్కు ఇది. విద్యుత్ బలాన్ని మోసేది ఫోటాన్. దానికి ద్రవ్యరాశి లేదు కాబట్టే ఆ బలం ఎంత దూరమైనా పోతుంది. పరమాణు కేంద్రకంలోని బలాలు అలా కావు, గడప దాటవు. బలం పొట్టిదైతే దాన్ని మోసే కణానికి ద్రవ్యరాశి ఉండాలని 1935లోనే భౌతిక శాస్త్రజ్ఞుడు యుకావా చెప్పాడు. యాంగ్-మిల్స్ సిద్ధాంతం ఫోటాన్ లాంటి కణాలనే ఇచ్చింది. ఫోటాన్‌లాగే వాటికీ ఒక దిశ ఉంటుంది, అందుకే వెక్టర్ కణాలంటారు. వాటికి చేత్తో ద్రవ్యరాశి తగిలిస్తే సిద్ధాంతానికి ప్రాణమైన గేజ్ సౌష్ఠవం పోతుంది. తగిలించకపోతే ప్రకృతితో పొసగదు.

గేజ్ సౌష్ఠవమంటే ఏమిటో నా క్లాసులో రైల్వే స్టేషన్ బోర్డుతో చెప్పేదాన్ని. పసుపు బోర్డు మీద ఊరి పేరు కింద సముద్ర మట్టానికి ఇన్ని మీటర్లు అని ఉంటుంది. సముద్ర మట్టాన్నే సున్నా అనుకోవాలని ప్రకృతి చెప్పలేదు, మనం పెట్టుకున్నాం. ఇంకో అడుగు వేసి, ఏ స్టేషనుకు ఆ స్టేషనే తన సున్నా ఎంచుకోవచ్చని రూలు పెట్టారనుకోండి. దువ్వాడ వాళ్లు తమ ప్లాట్‌ఫారం సున్నా అంటారు, అనకాపల్లి వాళ్లు తమ ఊరి కొండ సున్నా అంటారు. ఫరవాలేదు, రెండింటి మధ్యా ఒక ఖాతా ఉంటే చాలు: ఇక్కడి అంకెను అక్కడి అంకెగా మార్చాలంటే ఎంత కలపాలి అని. విద్యుదయస్కాంత సిద్ధాంతంలో పొటెన్షియల్ అనేది ఆ ఖాతాయే. ఎవరు ఏ సున్నా ఎంచుకున్నా ఇంజను పడే శ్రమ మారకూడదు, అదే గేజ్ సౌష్ఠవం. ఫోటాన్‌కు చేత్తో ద్రవ్యరాశి తగిలించడమంటే ఖాతాలోని అంకెకు ఖరీదు కట్టడం. సున్నా మారితే ఆ అంకె మారుతుంది, దాంతో ఖరీదూ మారుతుంది. అందుకే కుదరదు.

కుదరదని చాలామంది 1960 దాకా నమ్మారు. కానీ కుదిరిన ఉదాహరణ ఒకటి అప్పటికి ఎప్పట్నుంచో మన నెత్తిమీదే ఉంది.

వాల్తేరులో ఎమ్మెస్సీ చదివే రోజుల్లో మాకు ఐనో ఆవరణం, అంటే వాతావరణం పైభాగంలోని విద్యుదావేశపు పొర, ఇంటి విషయం. ప్రొఫెసర్ బి. రామచంద్రరావు గారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో మొదలుపెట్టిన పరిశోధన అది. ఐనోసోండ్ అనే యంత్రం తక్కువ పౌనఃపున్యం నుంచి ఎక్కువకు జరుగుతూ రేడియో తరంగాలను నిట్టనిలువుగా పైకి వదులుతుంది, తిరిగొచ్చిన ప్రతిధ్వనికి ఎంత సేపు పట్టిందో అప్పట్లో ఫిల్మ్ మీద గీసేది. గీత మెల్లగా పైకి లేచి, ఒక పౌనఃపున్యం దగ్గరికి రాగానే అమాంతం ఆకాశానికి ఎగిసి మాయమైపోతుంది. అక్కణ్ణించి పైన ఏ తరంగమూ వెనక్కి రాదు. పగటిపూట ఆ హద్దు సుమారు 10 మెగాహెర్ట్జ్ ఉండేది. ఏటవాలుగా వెళ్లే తరంగాలకు ఇంకాస్త పైకి జరుగుతుంది. రేడియో సిలోన్‌లో తెలుగు పాటలు షార్ట్ వేవ్ మీద సముద్రం దాటి మా ఇళ్లకు వచ్చింది ఆ పొర పుణ్యమే. ఈనాటి ఎఫ్.ఎం. అంతదూరం రాదు, దాని పౌనఃపున్యం హద్దుకు చాలా ఎగువ.

ఆ పొర ఒక ప్లాస్మా, అంటే పరమాణువుల నుంచి విడివడిన ఎలక్ట్రాన్లూ, మిగిలిన అయాన్లూ ఉన్న గుంపు. అందులో తరంగం పాటించే సూత్రం మాటల్లో ఇది: తరంగ పౌనఃపున్యం వర్గం రెండు ముక్కల మొత్తం, ఒకటి ఎలక్ట్రాన్ల గుంపు తనంతట తాను ఊగే పౌనఃపున్యానిది, రెండోది తరంగం కదలికది. ఐన్‌స్టీన్ చెప్పిన కణం శక్తి సూత్రం: శక్తి వర్గం రెండు ముక్కల మొత్తం, ఒకటి ద్రవ్యరాశిది, రెండోది కణం కదలికది. ప్లాంక్ స్థిరాంకంతో గుణించి చూడండి, రెండూ ఒకటే సూత్రం. ఐనో ఆవరణంలోని ఫోటాన్‌కు ద్రవ్యరాశి ఉంది! ఎంతో చిన్నదనుకోండి, ఎలక్ట్రాన్ ద్రవ్యరాశిని పది లక్షల కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క కూడా కాదు. అయినా రేడియో సిలోన్‌ను తిప్పి పంపడానికి అది చాలింది. ఈరోజుకీ చాలుతోంది. జీపీఎస్ సంకేతం ఆ పొర దాటేటప్పుడు కాంతి వేగం కంటే కాస్త వెనకబడుతుంది, ద్రవ్యరాశి ఉన్న కణం వెనకబడినట్టే. ఆ ఆలస్యాన్ని దిద్దకపోతే దూరంలో మీటర్ల కొద్దీ తేడా వస్తుంది. విమానాల కోసం ఇస్రో, విమానాశ్రయాల సంస్థ కలిసి పెట్టిన గగన్ వ్యవస్థ దిద్దే తప్పుల్లో ముఖ్యమైనది ఇదే.

ఇంకో సాక్ష్యం కూడా ఉంది. శూన్యంలో కాంతి తాను పోయే దారికి అడ్డంగానే ఊగుతుంది, రెండు రకాలుగా. ద్రవ్యరాశి ఉన్న వెక్టర్ కణానికి మూడో ఊపు తప్పనిసరి, అది పోయే దారి వెంబడే. ప్లాస్మాలో ఆ మూడోది ఎక్కణ్ణించి వస్తుంది? ఎలక్ట్రాన్లే ముందుకూ వెనక్కూ గుమిగూడుతూ విడిపోతూ ఊగుతాయి. దాన్ని లాంగ్మ్యూర్ 1920ల్లోనే చూశాడు. ఇంత జరిగినా మాక్స్‌వెల్ సమీకరణాల్లో ఒక అక్షరం మారలేదు. గేజ్ సౌష్ఠవం చెక్కుచెదరలేదు. నియమం అదే, కాంతి ఉంటున్న చోటు మారింది, అంతే.

నేను దీన్ని పెద్ద కనుగోలుగా చెప్పుకోవడం లేదు. 1962లో జూలియన్ ష్వింగర్ గేజ్ సౌష్ఠవం ఉన్నంత మాత్రాన ద్రవ్యరాశి సున్నా కానక్కర్లేదని వాదించాడు. మాట వరసకు కాదు, ఒకే దిశ ఉన్న ఊహా ప్రపంచంలో విద్యుత్ సిద్ధాంతాన్ని పూర్తిగా సాధించి, అక్కడి ఫోటాన్‌కు ద్రవ్యరాశి వస్తుందని, అది విద్యుదావేశం పరిమాణాన్ని బట్టి ఇంత అని లెక్క కట్టి చూపించాడు. అందులో హిగ్స్ క్షేత్రం ఊసే లేదు. మరుసటి ఏడాది బెల్ ల్యాబ్స్‌లో పనిచేస్తున్న ఫిలిప్ ఆండర్సన్ ష్వింగర్ మాటకు నిజ ప్రపంచపు సాక్ష్యం తెచ్చాడు. ఆయనది ఘనపదార్థాల భౌతికం. ఆయన వ్యాసం శీర్షికలోనే ప్లాస్మాన్లు (అంటే ప్లాస్మా ఊపులు), గేజ్ సౌష్ఠవం, ద్రవ్యరాశి మూడూ పక్కపక్కన ఉన్నాయి. నా దృష్టిలో ఈ మొత్తం కథలో అసలు మలుపు అక్కడుంది. మన పత్రికల్లో ఆండర్సన్ పేరు నేను ఒక్కసారి కూడా చూడలేదు.

ఆండర్సన్ దగ్గర ప్లాస్మా కంటే మంచి ఉదాహరణ ఇంకోటి ఉంది: అతివాహకం (సూపర్‌కండక్టర్). దాన్ని బాగా చల్లబరిస్తే అయస్కాంత క్షేత్రాన్ని లోపలికి రానివ్వదని 1933లో మైస్నర్, ఓషెన్‌ఫెల్డ్ కనిపెట్టారు. నియోబియం లోహంలో క్షేత్రం 40 నానోమీటర్ల లోతుకే చచ్చిపోతుంది. ఎంత దూరమైనా పోవలసిన బలం పొట్టిదైపోయింది, అంటే లోపల ఫోటాన్‌కు ద్రవ్యరాశి వచ్చింది. ఊళ్లో ఎం.ఆర్.ఐ. స్కానింగు చేయించుకున్నవాళ్లు అలాంటి అతివాహకపు తీగచుట్ట మధ్యలోనే పడుకున్నారు.

ఇక్కడికొచ్చాక మన స్టేషన్ల లెక్క పూర్తవుతుంది. దువ్వాడకూ అనకాపల్లికీ మధ్య నిజంగా పట్టా వేశారు. పట్టా ఎత్తు ఈ ఊరి సున్నాతో ఒక అంకె, ఆ ఊరి సున్నాతో ఇంకో అంకె. రెండింటి తేడాలోంచి ఖాతాలోని సవరణ తీసేయండి, మిగిలేది పట్టా వాలు. వాలు ఎవరి సున్నా మీదా ఆధారపడదు కాబట్టి దానికి నిక్షేపంగా ఖరీదు కట్టొచ్చు. ఆ ఖరీదే ద్రవ్యరాశి. అతివాహకంలో ఆ పట్టా జతకట్టిన ఎలక్ట్రాన్ల సమూహం. విశ్వంలో అది హిగ్స్ క్షేత్రం. గేజ్ సౌష్ఠవం పగిలిపోయిందని చాలా పుస్తకాలు రాస్తాయి. పగలలేదు, పగలదు కూడా. 1975లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞుడు ఎలిట్జుర్, గళ్లుగా విభజించిన స్థలకాలంలో లెక్క వేసి, అలాంటి సౌష్ఠవం తనంతట తాను భంగపడడం సాధ్యం కాదని నిరూపించాడు.

ఆండర్సన్ మాట వెంటనే ఎక్కలేదు, దానికి కారణం లేకపోలేదు. ప్లాస్మాకైనా లోహానికైనా తనదంటూ ఒక నిశ్చల స్థితి ఉంటుంది, ఎవరు కదులుతున్నారో చెప్పొచ్చు. శూన్యంలో అలా చెప్పకూడదన్నది సాపేక్షత. కాబట్టి ఈ కిటుకు శూన్యంలో పనిచేయదని 1964లో వాల్టర్ గిల్బర్ట్ రాశాడు. (ఈయన తర్వాత జీవశాస్త్రంలోకి వెళ్లి డీఎన్ఏ అక్షరాలు చదివే పద్ధతికి రసాయన శాస్త్రంలో నోబెల్ తెచ్చుకున్నాడు. కొందరు తప్పుడు గుమ్మం ముందు నుంచి కూడా మంచి ఇంటికే చేరతారు.) పనిచేస్తుందని అదే ఏడాది మూడు చోట్ల చూపించారు: బ్రస్సెల్స్‌లో బ్రౌట్, ఆంగ్లేర్, ఎడిన్‌బరాలో హిగ్స్, లండన్‌లో గురాల్నిక్, హేగన్, కిబుల్. హిగ్స్ రెండో వ్యాసాన్ని ఒక పత్రిక తిప్పి పంపింది. ఆయన దానికి కొంత చేర్చి వేరే పత్రికకు పంపాడు. ఆ చేర్చిన ముక్కలోనే, లెక్క తేలాక ద్రవ్యరాశి ఉన్న కణం ఒకటి అదనంగా మిగులుతుందన్న మాట ఉంది. ఆయన పేరు నిలిచింది ఆ మిగులు వల్ల.

మిగులు నిజంగా మిగులే. క్షేత్రంలో నాలుగు అంశాలుంటే మూడు అంశాలు, బలహీన బలమనే కేంద్రక బలాన్ని మోసే రెండు డబ్ల్యూ కణాలకూ ఒక జెడ్ కణానికీ మూడో ఊపు కింద ఖర్చయిపోతాయి. నాలుగోది బయటపడుతుంది, అదే 2012లో దొరికింది. కథలో అసలు పని చేసినవి ఆ మూడూ. పూలదండ మాత్రం నాలుగోదానికి వేశాం.

తర్వాత జరిగింది త్వరగా చెప్పేస్తాను. 1967లో వైన్‌బర్గ్, ఆ తర్వాత సలాం దీన్ని బలహీన బలానికి పెట్టారు. నాలుగేళ్లపాటు దాన్ని పట్టించుకున్నవాళ్లు చాలా తక్కువ. 1971లో యూట్రెక్ట్‌లో పరిశోధన విద్యార్థిగా ఉన్న గెరార్డ్ ట్ హూఫ్ట్ ఈ సిద్ధాంతంలో లెక్కలు అనంతాల్లోకి జారిపోవని చూపాడు. సౌష్ఠవం లోలోపల చెక్కుచెదరకుండా ఉండబట్టే ఆ లెక్క నిలిచింది. చేత్తో ద్రవ్యరాశి తగిలించి ఉంటే నిలిచేది కాదు. పౌలీ ప్రశ్నకు పూర్తి జవాబు అప్పటికి వచ్చింది, పౌలీ అప్పటికి లేడు. 1983లో సెర్న్‌లో డబ్ల్యూ, జెడ్ దొరికాయి. డబ్ల్యూ 80.4 గిగా ఎలక్ట్రాన్ వోల్టులు, ప్రోటాన్‌కు దాదాపు 86 రెట్లు. అంత బరువైనదాన్ని మోసుకు తిరగాలి కాబట్టే బలహీన బలం ప్రోటాన్ వ్యాసార్థంలో మూడు వందో వంతు కూడా పోలేదు. సూర్యుడిలో హైడ్రోజన్ మండడానికి మొదటి మెట్టు ఆ బలమే, అది అంత నిదానం కాబట్టే సూర్యుడు 460 కోట్ల ఏళ్లుగా వెలుగుతూనే ఉన్నాడు. హిగ్స్ క్షేత్రం మనకు చేసిన మేలు చెప్పాలంటే ఇది చెప్పాలి, ఒంటి బరువు కాదు.

ఇంకో మాట, ఇది ఎంతో తక్కువ మందికి చేరింది. హిగ్స్ క్షేత్రమే లేకపోయినా డబ్ల్యూ కణానికి ద్రవ్యరాశి సున్నా అయ్యేది కాదు. ప్రోటాన్‌ను కట్టి ఉంచే ప్రబల బలమే శూన్యంలో క్వార్కులను జతకట్టించి ఒక పట్టా పరుస్తుంది. దాని వల్ల డబ్ల్యూకు సుమారు 30 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు వచ్చేవి. అసలుదాంట్లో రెండున్నర వేల వంతు కంటే తక్కువే, నిజమే. కానీ పని చేయించే సూత్రం అదే. కాబట్టి ఈ ద్రవ్యరాశి అనేది ఒక కణం ఇచ్చే దానం కాదు. ఆవేశం ఉన్న పదార్థం సర్వత్రా పరుచుకుంటే బలాన్ని మోసే కణానికి జరిగే మార్పు అది. ఎలక్ట్రాన్ల గుంపు చేయొచ్చు, ఎలక్ట్రాన్ల జతలు చేయొచ్చు, క్వార్కుల జతలు చేయొచ్చు, హిగ్స్ చేయొచ్చు.

ఇప్పుడు మన విశ్వవిద్యాలయాల సంగతికి వస్తాను. ఎమ్మెస్సీలో ప్లాస్మా, రేడియో ప్రసారం ఒక పేపరు. అతివాహకత సాలిడ్ స్టేట్ పేపర్లో చివరి యూనిట్. కణాల సంగతి న్యూక్లియర్ ఫిజిక్స్ పేపర్లో ఒక మూల. గేజ్ సౌష్ఠవం ఎలక్ట్రోడైనమిక్స్‌లో రెండు పేజీలు. చెప్పేది నలుగురు మాస్టార్లు, ఒకరి పేపరు ఒకరు ముట్టుకోరు. నా దగ్గర చదివిన ఒకమ్మాయి పీజీకి వెళ్లి, ఐనో ఆవరణం సూత్రమూ ఐన్‌స్టీన్ సూత్రమూ ఒకటేలా ఉన్నాయేమిటి సార్ అని క్లాసులో అడిగితే, సిలబస్‌లో లేనిది అడగొద్దన్నారట. ఆ ప్రశ్నే కదమ్మా 1963లో ఆండర్సన్ రాసింది అని నేను ఫోన్‌లో చెప్పాను.

ఇది సిలబస్ గొడవ మాత్రమే కాదు. 1950లో గింజ్‌బర్గ్, లాండావ్ అతివాహకానికి ఒక క్షేత్రం ఊహించి సమీకరణం రాశారు. ఆ క్షేత్రం దేనితో తయారైందో వాళ్లు చెప్పలేదు. ఏడేళ్లకు బార్డీన్, కూపర్, ష్రీఫర్ వచ్చి అది ఎలక్ట్రాన్ల జతలని తేల్చారు. హిగ్స్ విషయంలో మనమిప్పుడు గింజ్‌బర్గ్-లాండావ్ దశలో ఉన్నాం. క్షేత్రం ఉంది, సమీకరణం ఉంది, 125 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల కణమూ దొరికింది. అది మూలకణమా, లోపల ఇంకేవో జతకట్టాయా అన్నది తేలలేదు. తేల్చేవాడు కొలైడర్ పక్కనే పుట్టాలనేం లేదు, పోయినసారి దారి దొరికింది లోహాల ప్రయోగశాలలో.

అందుకని నేను అడిగేది చిన్నది. కొత్త పేపరు అక్కర్లేదు, యంత్రాలు అక్కర్లేదు. ప్లాస్మా పాఠం చెప్పే రోజున ఆ సూత్రం పక్కనే ఐన్‌స్టీన్ సూత్రం కూడా అదే బోర్డు మీద రాయండి. మైస్నర్ ఫలితం చెప్పిన గంటలోనే డబ్ల్యూ కణం పేరెత్తండి. పరీక్షలో ఒక ప్రశ్న పెట్టండి: 10 మెగాహెర్ట్జ్ ప్లాస్మాలో ఫోటాన్ ద్రవ్యరాశి ఎంత, దాని మూడో ఊపు ఎవరిది? పది మార్కులు.